రిలే టెస్ట్ డేటాను స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చి చార్టు గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పీణ్య ప్రాంతపు ప్యానెల్ తయారీ యూనిట్లలోనూ, నగరం చుట్టూ ఉన్న సబ్‌స్టేషన్లలోనూ ప్రొటెక్షన్ రిలేల (లోపం వచ్చినప్పుడు బ్రేకరును తెరిపించే రక్షణ పరికరాల) పరీక్షలు చేసే తెలుగు ఇంజనీర్లు, టెక్నీషియన్లు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. సెకండరీ ఇంజెక్షన్ (టెస్ట్ కిట్‌తో రిలేకు నేరుగా ప్రవాహం, వోల్టేజి పంపి పరీక్షించడం) వచ్చి, ఆ కిట్ ఇచ్చిన ఫైలును షీటులోకి తెచ్చేటప్పుడు ఇబ్బంది పడుతున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఇవి రాశాము. ఉదాహరణలు ఎక్సెల్‌కు సంబంధించినవి. లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ విషయం చెప్పాము.

కిట్ సాఫ్ట్‌వేరే రిపోర్టు, గ్రాఫు ఇస్తున్నప్పుడు మళ్లీ షీటు అవసరం ఏముంది?

ఒక్క రిలే, ఒక్క పరీక్ష అయితే అవసరం లేదు. కిట్ ఇచ్చిన రిపోర్టే చాలు. అయితే పన్నెండు ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి విద్యుత్తు తీసుకెళ్లే లైన్ల) ఫలితాలను ఒకే గ్రాఫుపై పక్కపక్కన చూడాలన్నా, నిరుటి పరీక్షతో ఈ ఏటి పరీక్షను పోల్చాలన్నా, ఒక కంపెనీ కిట్‌తో చేసిన పరీక్షను ఇంకో కంపెనీ కిట్‌తో చేసినదాని సరసన పెట్టాలన్నా షీటు తప్పనిసరి అవుతుంది. రిలే మెల్లమెల్లగా మందగించడం ఒక్క రిపోర్టులో కనిపించదు, ఎందుకంటే ప్రతి రిపోర్టులోనూ ఫలితం 'పాస్' అనే ఉంటుంది. నాలుగేళ్ల పాయింట్లను ఒకే వక్రం మీద వేసినప్పుడే ఆ జరుగుబాటు బయటపడుతుంది.

కిట్ నుంచి డేటాను ఏ రూపంలో బయటికి తీసుకోవాలి?

సీఎస్‌వీ (విలువలను కామా వంటి గుర్తుతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) గానీ ఎక్స్‌ఎంఎల్ గానీ ఇచ్చే అవకాశం ఉంటే దాన్నే ఎంచుకోండి. పీడీఎఫ్ రిపోర్టులోంచి పట్టికను కాపీ చేసి షీటులో అతికించే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని మానుకోవాలని గట్టిగా చెబుతాము. పీడీఎఫ్‌లో సమయం 0.31 అని రెండు దశాంశాలకు కుదించి ఉండవచ్చు, అసలు ఫైలులో అది 0.3052 అయి ఉండవచ్చు. అలా పోయిన అంకెలను తర్వాత తిరిగి తెచ్చుకునే దారి లేదు. వర్డ్ రిపోర్టు తప్ప మరేదీ ఇవ్వని పాత కిట్ అయితే అందులోని పట్టికను కాపీ చేయక తప్పదు. అప్పుడు కాపీ చేసిన ప్రతి వరుసనూ రెండో మనిషి చదివి సరిచూడాలి.

సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది కదా, అందులో తప్పేమిటి?

మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ డబుల్ క్లిక్ దగ్గరే మొదలవుతాయి. అలా తెరిచినప్పుడు ఏ కాలమ్ సంఖ్య, ఏది తేదీ, ఏది పేరు అన్నది ఎక్సెల్ మిమ్మల్ని అడగకుండా తానే ఊహిస్తుంది, విండోస్ ప్రాంతీయ సెట్టింగును బట్టి ఆ ఊహ మారిపోతుంది.

యూరప్ తరహా సెట్టింగులో ఉన్న లాప్‌టాప్ నుంచి వచ్చిన ఫైలునే తీసుకోండి. అందులో దశాంశ బిందువు స్థానంలో కామా, కాలమ్‌ల మధ్య సెమీకోలన్ ఉంటాయి. ప్రవాహ గుణకం (రిలే పనిచేయడం మొదలుపెట్టే ప్రవాహానికి ఎన్ని రెట్లో) 2, సమయం 1.012 సెకన్లు అన్న వరుస ఆ ఫైలులో '2;1,012' అని ఉంటుంది. భారతదేశపు సెట్టింగు ఉన్న కంప్యూటర్లో డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ దాన్ని కామా దగ్గర విరగ్గొట్టి, మొదటి సెల్‌లో '2;1' అనీ, రెండో సెల్‌లో 12 అనీ వేస్తుంది. సెమీకోలన్ దగ్గర విడగొట్టమని సరిగ్గా చెప్పినా, దశాంశ గుర్తు కామా అని చెప్పకపోతే 1,012 వెయ్యి పన్నెండు అయిపోతుంది. ఆ సంఖ్యను చార్టులో వేస్తే మిగతా పాయింట్లన్నీ అడుగున గీతలా అణిగిపోతాయి కాబట్టి అది వెంటనే కంటపడుతుంది. కంటపడనివే అసలు ప్రమాదం.

తేదీ అలాంటిదే. 03/04 అని ఉన్నదాన్ని భారతీయ సెట్టింగు ఏప్రిల్ 3గా చదివితే, అమెరికా సెట్టింగు మార్చి 4గా చదువుతుంది. రోజు 12 దాటిన తేదీలు మాత్రం అమెరికా సెట్టింగులో తేదీగా మారక టెక్స్ట్‌గా మిగిలిపోతాయి, అంటే ఒకే కాలమ్‌లో సగం తప్పు తేదీలు, సగం టెక్స్ట్ ఉంటాయి. టెర్మినల్ సంఖ్య '1-3' అని రాసి ఉంటే అదీ తేదీగా మారుతుంది. రిలే సీరియల్ నంబరులో అంకెల మధ్య ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒక్కటే ఉంటే ఎక్సెల్ దాన్ని పది ఘాతంగా తీసుకుని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన నంబరులో చివరి అంకెలు సున్నాలవుతాయి. ఇలా మారాక ఫైలును సేవ్ చేస్తే కిట్ ఇచ్చిన అసలు విలువ శాశ్వతంగా పోతుంది.

అయితే సరైన పద్ధతి ఏది?

ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, 'డేటా' ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా ఫైలును ఎంచుకోండి. వచ్చిన కిటికీలో ఫైల్ ఆరిజిన్ 65001 యూనికోడ్ ఉందో లేదో చూడండి. అది తప్పితే డిగ్రీ గుర్తు, ఓమ్ గుర్తు, ఫీడరు పేరులో తెలుగో కన్నడమో ఉంటే ఆ అక్షరాలు చెడిపోయి కనిపిస్తాయి. డీలిమిటర్ (కాలమ్‌లను విడదీసే గుర్తు) సరిచూసుకున్నాక వెంటనే 'లోడ్' నొక్కకుండా 'ట్రాన్స్‌ఫామ్ డేటా'లోకి వెళ్లండి. అక్కడ ఎక్సెల్ తనంతట తాను చేర్చిన 'ఛేంజ్‌డ్ టైప్' అన్న దశను తీసేసి, ఒక్కో కాలమ్‌కు రకాన్ని మీరే ఇవ్వండి: సీరియల్ నంబరు, టెర్మినల్, ఫీడరు పేరు టెక్స్ట్‌గా, ప్రవాహం, సమయం దశాంశ సంఖ్యగా. దశాంశానికి కామా ఉన్న ఫైలు అయితే 'యూజింగ్ లొకేల్' ఎంచుకుని జర్మన్ లొకేల్ ఇస్తే సంఖ్యలు సరిగ్గా వస్తాయి.

లిబ్రేఆఫీస్ క్యాల్క్ ఈ విషయంలో మెరుగు. సీఎస్‌వీ తెరిచిన ప్రతిసారీ అది దిగుమతి కిటికీని చూపి, భాష, డీలిమిటర్, కాలమ్ రకం అడుగుతుంది. అందులో 'డిటెక్ట్ స్పెషల్ నంబర్స్' అన్న గడిలో టిక్ లేకుండా చూసుకుంటే టెర్మినల్ సంఖ్యలు తేదీలుగా మారవు.

సంఖ్యలా కనిపిస్తున్నది నిజంగా సంఖ్యేనా అని ఎలా తెలుసుకోవాలి?

కాలమ్ కింద 'కౌంట్', 'కౌంట్‌ఏ' రెండు ఫార్ములాలూ వేసి చూడండి. మొదటిది సంఖ్యలను మాత్రమే, రెండోది ఖాళీ కాని సెల్‌లన్నిటినీ లెక్కపెడుతుంది. రెండూ సమానం కాకపోతే తేడా ఎంతో అన్ని సెల్‌లు టెక్స్ట్‌గా ఉన్నాయన్నమాట. '0.305 ఎస్' అని యూనిట్ అంటుకుని ఉండటం, సంఖ్య వెనక కనిపించని ఖాళీ అక్షరం ఉండటం, సమయం బదులు 'నో ట్రిప్' (రిలే పనిచేయలేదు) అని ఉండటం మామూలుగా కనిపించే కారణాలు.

ఇది పట్టించుకోకపోతే చార్టు మౌనంగా తప్పుతుంది. స్కాటర్ చార్టుకు ఎక్స్ విలువలుగా ఇచ్చిన కాలమ్‌లో ఒక్క టెక్స్ట్ సెల్ ఉన్నా ఎక్సెల్ ఆ కాలమ్ మొత్తాన్నీ పక్కన పెట్టి 1, 2, 3 అని వరుస సంఖ్యలను ఎక్స్‌గా వాడుకుంటుంది. చార్టు చక్కగానే గీసినట్టుంటుంది, ఏ హెచ్చరికా రాదు; ఎక్స్ అక్షం మీద మీ ఆంపియర్లు ఉన్నాయా, వరుస సంఖ్యలు ఉన్నాయా అని చూసినవారికే తప్పు తెలుస్తుంది.

'నో ట్రిప్' వచ్చినచోట సున్నా వేయకండి. సున్నా అంటే క్షణంలో ట్రిప్ అయిందని అర్థం, నిజానికి జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పక్కన ఇంకో కాలమ్ తీసుకుని, కొలిచినది సంఖ్య అయితే ఆ సంఖ్యనూ, కాకపోతే 'ఎన్‌ఏ' ఫంక్షన్‌నూ ఇచ్చే 'ఇఫ్' ఫార్ములా రాయండి. ఎన్‌ఏ ఉన్న పాయింటును చార్టు గీయదు, అసలు కాలమ్‌లో 'నో ట్రిప్' అన్న మాట అలాగే భద్రంగా ఉంటుంది.

లైన్ చార్టా, స్కాటర్ చార్టా?

రిలే పనికి దాదాపు ఎప్పుడూ ఎక్స్‌వై స్కాటరే. లైన్ చార్టు ఎక్స్ విలువలను పేర్లుగా తీసుకుని 2, 5, 10, 20 అన్న గుణకాలను సమాన దూరాల్లో పెడుతుంది, దాంతో వక్రం ఆకారమే మారిపోతుంది. ఓవర్‌కరెంట్ రిలేకు (ప్రవాహం హద్దు దాటితే పనిచేసేదానికి) రెండు అక్షాలనూ లాగరిథమిక్ స్కేలుకు మార్చండి. ప్రొటెక్షన్ ఇంజనీర్లు చూడటానికి అలవాటుపడినది ఆ రూపమే, కోఆర్డినేషన్ గ్రాఫులతో (ఏ రిలే ముందు, ఏది తర్వాత పనిచేయాలో చూపేవాటితో) పోల్చడమూ తేలికవుతుంది. కొలిచిన పాయింట్లను గుర్తులుగా మాత్రమే ఉంచి, సిద్ధాంత వక్రాన్ని గీతగా మాత్రమే వేయండి. కొలిచిన నాలుగు పాయింట్లను నునుపైన గీతతో కలిపితే, వాటి మధ్య కూడా కొలిచినట్టు చూసేవారికి భ్రమ కలుగుతుంది.

సిద్ధాంత వక్రాన్ని షీటులో ఎలా తయారుచేయాలి?

ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) వక్రాలకు సూత్రం ఒక్కటే, స్థిరాంకాలు మారతాయి. పికప్‌కు (రిలే పనిచేయడం మొదలుపెట్టే ప్రవాహానికి) ఎన్ని రెట్లు ప్రవాహం పంపామో ఆ గుణకాన్ని ఒక ఘాతానికి ఎత్తి, అందులోంచి 1 తీసివేసి, వచ్చినదానితో స్థిరాంకాన్ని భాగించి, టైమ్ మల్టిప్లయర్‌తో (రిలే సమయాన్ని పెంచి తగ్గించే సెట్టింగుతో) గుణించాలి. నార్మల్ ఇన్వర్స్‌కు స్థిరాంకం 0.14, ఘాతం 0.02, వెరీ ఇన్వర్స్‌కు 13.5, 1, ఎక్స్‌ట్రీమ్లీ ఇన్వర్స్‌కు 80, 2. టైమ్ మల్టిప్లయర్ 1 ఉన్నప్పుడు, 10 రెట్ల దగ్గర ఇవి వరుసగా 2.97, 1.5, 0.81 సెకన్లు ఇస్తాయి. మీ ఫార్ములా సరిగ్గా ఉందో లేదో ముందు ఈ మూడింటితో సరిచూసుకోండి. స్థిరాంకాలను ఫార్ములాలో నేరుగా రాయకుండా పైన విడి సెల్‌లలో పెట్టుకుంటే, ఫీడరు మారినప్పుడు ఆ సెల్‌లు మార్చితే చాలు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. నార్మల్ ఇన్వర్స్, టైమ్ మల్టిప్లయర్ 0.1. 2, 5, 10 రెట్ల దగ్గర రావలసిన సమయాలు 1.003, 0.428, 0.297 సెకన్లు. కిట్ కొలిచినవి 1.012, 0.436, 0.305 అనుకుందాం. శాతంలో లెక్కిస్తే పొరపాటు 0.9, 1.9, 2.7 అని పెరుగుతూ పోతోంది. శాతం మాత్రమే చార్టు వేసినవారు, ప్రవాహం పెరిగేకొద్దీ రిలే వక్రం నుంచి పక్కకు పోతోందని రాసేస్తారు. మిల్లీసెకన్లలో చూస్తే మూడు చోట్లా తేడా 8, 9 మాత్రమే. వక్రంలో దోషం ఉంటే తేడా ఇలా ఒకేలా ఉండదు. ఇది ట్రిప్ నిర్ణయం అయ్యాక అవుట్‌పుట్ కాంటాక్టు మూసుకోవడానికి పట్టే స్థిరమైన ఆలస్యంలా ఉంది. తయారీదారులు అనుమతించే పొరపాటును 'ఇంత శాతం లేదా ఇన్ని మిల్లీసెకన్లు, ఏది ఎక్కువైతే అది' అని ఇవ్వడానికి కారణం ఇదే. కాబట్టి షీటులో శాతానికి ఒక కాలమ్, మిల్లీసెకన్లకు ఒక కాలమ్ రెండూ ఉండాలి. పై హద్దు, కింది హద్దు వక్రాలను ఆ నియమం ప్రకారం 'మ్యాక్స్' ఫంక్షన్‌తో లెక్కించి సన్నని గీతలుగా వేయండి. హద్దుల విలువలు మాత్రం ఆ రిలే మాన్యువల్ నుంచే తీసుకోవాలి, ఇంకో రిలేకు వాడినవి పనికిరావు.

సీడీజీ 31 వంటి పాత డిస్కు రిలేలకు (తిరిగే డిస్కుతో పనిచేసేవాటికి) కూడా ఇదే సూత్రం వాడవచ్చా?

వాడకపోవడం మంచిది. డిస్కు రిలే వక్రం సూత్రానికి దగ్గరగా ఉంటుందే గానీ అచ్చంగా అదే కాదు, ముఖ్యంగా తక్కువ గుణకాల దగ్గర. తయారీదారు ముద్రించిన వక్రం మీద పాయింట్లను చదివి షీటులో రాసుకుని దానితో పోల్చండి. ఒకే ప్రవాహం దగ్గర మూడుసార్లు పరీక్షిస్తే మూడు పాయింట్లనూ విడివిడిగా వేయండి. డిస్కు ఎక్కడైనా పట్టేస్తుంటే ఆ చెదురుబాటే చెబుతుంది, సగటు వేస్తే ఆ సమాచారం పోతుంది.

కామ్‌ట్రేడ్ ఫైలును షీటులో ఎలా చదవాలి?

కామ్‌ట్రేడ్ అన్నది రిలేలు, డిస్టర్బెన్స్ రికార్డర్లు తరంగ రూపాలను భద్రపరిచే ప్రామాణిక ఫైలు రూపం. ఐఈఈఈ దీన్ని సీ37.111 పేరుతో 1991లో తెచ్చి, 1999లోనూ 2013లోనూ సవరించింది; 2013 కూర్పు ఐఈసీ 60255-24 కూడా. సాధారణంగా రెండు ఫైళ్లు జంటగా వస్తాయి: సీఎఫ్‌జీ (.cfg) ఫైలులో వివరణ, డాట్ (.dat) ఫైలులో విలువలు. ఒకటి లేకుండా రెండోది దాదాపు నిరుపయోగం కాబట్టి పంపేటప్పుడు రెండూ కలిపి పంపమని సైటు వారికి ముందే చెప్పండి.

మొదట సీఎఫ్‌జీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి వరుసలో స్టేషను పేరు, పరికరం, 1999 నుంచి వచ్చిన కూర్పుల్లో అయితే కూర్పు సంవత్సరం కూడా ఉంటాయి. రెండో వరుసలో ఎన్ని అనలాగ్, ఎన్ని డిజిటల్ ఛానళ్లో ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో అనలాగ్ ఛానలుకు ఒక్కో వరుస. అందులో ఐదో అంశం యూనిట్, ఆరోది గుణకం, ఏడోది ఆఫ్‌సెట్. డాట్ ఫైలులో ఉన్నది ముడి సంఖ్య మాత్రమే. దాన్ని గుణకంతో హెచ్చించి ఆఫ్‌సెట్ కలిపితేనే ఆంపియర్లో వోల్టులో వస్తాయి. గుణకం 0.01, ఆఫ్‌సెట్ 0 అయితే 1414 అన్న ముడి సంఖ్య 14.14 ఆంపియర్లు. 1999 నుంచి వచ్చిన కూర్పుల్లో ఆ వరుసలోని చివరి అక్షరం ఆ విలువ ప్రైమరీదో (లైను వైపు) సెకండరీదో (రిలే వైపు) చెబుతుంది. ఇది చూడకుండా చార్టు వేస్తే 400/1 సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఉన్న ఫీడరు ప్రవాహం 400 రెట్లు తేడాతో కనిపించవచ్చు.

ఛానళ్ల వరుసల తర్వాత లైను ఫ్రీక్వెన్సీ, శాంపిలింగ్ రేటు, మొదటి శాంపిల్ సమయం, ట్రిగ్గర్ సమయం, ఆపై డేటా ఆస్కీయా (చదవగలిగే టెక్స్ట్) బైనరీయా అన్నది ఉంటాయి. ఆస్కీ అయితే డాట్ ఫైలును పైన చెప్పిన సీఎస్‌వీ పద్ధతిలోనే తెచ్చుకోవచ్చు: మొదటి కాలమ్ శాంపిల్ సంఖ్య, రెండోది సమయం, తర్వాత అనలాగ్, ఆపై డిజిటల్ ఛానళ్లు. బైనరీ అయితే ఎక్సెల్ నేరుగా చదవలేదు; రిలే తయారీదారు వ్యూయర్‌లో తెరిచి ఆస్కీగా గానీ సీఎస్‌వీగా గానీ మార్చుకోవాలి. మార్చినదానిలో ఎక్కడైనా −32768 లేదా 99999 అన్న ముడి విలువ ఒంటరిగా కనిపిస్తే అది కొలత అయి ఉండదు, ఆ శాంపిల్ లేదని చెప్పే గుర్తు అయి ఉంటుంది. ఆ వరుసలకు కూడా ఎన్‌ఏ ఇవ్వండి.

కామ్‌ట్రేడ్ సమయాన్ని ఎక్సెల్ గడియారపు సమయంగా మార్చుకోవచ్చా?

వద్దు. ఎక్సెల్ గడియారపు సమయాన్ని మిల్లీసెకను కంటే సూక్ష్మంగా చూపించదు, మీ శాంపిళ్ల మధ్య దూరం అంతకంటే తక్కువ. సెకనుకు 4000 శాంపిళ్లంటే ఒక్కోదాని మధ్య 0.25 మిల్లీసెకను. శాంపిల్ సంఖ్యలోంచి 1 తీసి 4000తో భాగిస్తే మొదటి శాంపిల్ నుంచి సెకన్లు వస్తాయి. అందులోంచి ట్రిగ్గర్ వరకు గడిచిన సమయాన్ని తీసివేస్తే ఎక్స్ అక్షంపై సున్నా ట్రిగ్గర్ దగ్గర కూర్చుంటుంది. ఘటన జరిగిన తేదీ, గడియారపు సమయం చార్టు శీర్షికలో టెక్స్ట్‌గా రాయండి.

తరంగ రూపం నుంచి ఆర్‌ఎంఎస్ (తరంగపు ప్రభావ విలువ), ట్రిప్ సమయం షీటులోనే తీయవచ్చా?

తీయవచ్చు. 50 హెర్ట్జ్ వద్ద సెకనుకు 4000 శాంపిళ్లంటే ఒక సైకిల్‌కు 80. ప్రతి వరుసలోనూ ఆ వరుసతో ముగిసే 80 విలువలకు 'సమ్‌ఎస్‌క్యూ' తీసుకుని, 80తో భాగించి, వర్గమూలం తీస్తే జరుగుతూ వచ్చే ఆర్‌ఎంఎస్ వస్తుంది. ఫాల్ట్ మొదలైన తర్వాతి ఒక సైకిల్‌లో పాత విలువలు, కొత్త విలువలు కలిసి ఉంటాయి కాబట్టి అక్కడి ఏటవాలును రిలే నెమ్మదితనంగా చదవకూడదు.

ట్రిప్ డిజిటల్ ఛానలులో మొదటి 1 ఎక్కడుందో 'మ్యాచ్'తో కనుక్కుని, 'ఇండెక్స్'తో ఆ వరుస సమయం తెచ్చుకోండి. డిజిటల్ ఛానళ్లను అనలాగ్ కింద చూపాలంటే ఒక్కోదానికి 0, 2, 4 అని కలుపుకుంటూ పోతే ఒకదాని మీద ఒకటి పడకుండా విడిగా కనిపిస్తాయి.

డిస్టెన్స్ రిలే (లైను ఇంపిడెన్సును బట్టి పనిచేసేది) పాయింట్లు వేస్తే వృత్తం కోడిగుడ్డులా వస్తోంది, ఎందుకు?

రెండు అక్షాల స్కేలు సమానంగా లేకపోవడం వల్ల. ఎక్సెల్ రెండు అక్షాలకూ విడివిడిగా హద్దులు పెట్టుకుంటుంది. కనిష్ఠ, గరిష్ఠ విలువలను రెండింటికీ ఒకేలా మీరే ఇచ్చి, ప్లాట్ ప్రాంతాన్ని చతురస్రంగా లాగండి. పాయింట్లకు ఇంపిడెన్సును కోణపు కొసైన్‌తో గుణిస్తే రెసిస్టెన్సు, సైన్‌తో గుణిస్తే రియాక్టెన్సు. ఎక్సెల్ కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటుంది కాబట్టి 'రేడియన్స్' ఫంక్షన్ మరవకండి. మో వృత్తానికి (రిలే పనిచేసే ప్రాంతపు హద్దుకు) కేంద్రం రీచ్‌లో (లైను కోణంలో రిలే చూడగల గరిష్ఠ ఇంపిడెన్సులో) సగం దూరాన, లైను కోణంలో ఉంటుంది; వ్యాసార్ధమూ రీచ్‌లో సగమే. 0 నుంచి 360 వరకు 5 డిగ్రీల చొప్పున పాయింట్లు తీస్తే గీత నునుపుగా వస్తుంది. 8 ఓమ్‌లు, 75 డిగ్రీల రీచ్‌కు కేంద్రం 4 ఓమ్‌ల దూరంలో, అదే కోణంలో. వృత్తం మూలబిందువు గుండా పోతోందో లేదో చూస్తే ఫార్ములా సరైనదో కాదో తేలిపోతుంది.

డిఫరెన్షియల్ రిలే (రెండు వైపుల ప్రవాహాల తేడాను చూసేది) విషయంలో ఏం గమనించాలి?

బయాస్ ప్రవాహాన్ని (ఆ తేడాను దేనితో పోల్చాలో ఆ ప్రవాహాన్ని) ఆ తయారీదారు ఎలా నిర్వచించారన్నది. రెండు వైపుల ప్రవాహాల సగటు అని కొందరు, మొత్తం అని కొందరు, రెండింటిలో పెద్దది అని మరికొందరు తీసుకుంటారు. నిర్వచనం మారితే అవే పాయింట్లు చార్టులో వేరే చోట పడతాయి, బాగున్న రిలే కూడా వాలు తప్పినట్టు కనిపిస్తుంది.

ఎన్ని వరుసలు పెట్టవచ్చు?

ఒక షీటులో 10,48,576 వరుసలు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో 65,536 మాత్రమే, మిగిలినవి రావు. పొడవైన రికార్డు అయితే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగాన్నే చార్టుకు ఇవ్వండి. ప్రతి పదో శాంపిల్ తీసుకుని బరువు తగ్గించే పద్ధతి తరంగ రూపాలకు పనికిరాదు. శిఖరాలు తప్పిపోతాయి, లేని తరంగాలు కనిపిస్తాయి.

ఇరవై ఫీడర్ల ఫైళ్లు ఉంటే ఒక్కోటీ తెరవాలా?

అక్కరలేదు. ఒకే కిట్ నుంచి ఒకే టెంప్లేటుతో వచ్చిన సీఎస్‌వీలన్నిటినీ ఒక ఫోల్డరులో పెట్టి, 'డేటా' ట్యాబ్‌లో 'ఫ్రమ్ ఫోల్డర్' వాడితే అన్నీ ఒకే పట్టికగా వస్తాయి, ఫైలు పేరు కూడా ఒక కాలమ్‌లో చేరుతుంది. అందుకే ఫైలు పేరులో ఫీడరు, రిలే, తేదీ ఒకే క్రమంలో ఉండేలా సైటులోనే పేర్లు పెట్టుకోవాలి. కొత్త ఫైలు ఫోల్డరులో వేసి 'రిఫ్రెష్' నొక్కితే చార్టులోనూ చేరుతుంది.

ఒక పాయింటు మిగతావాటికి దూరంగా పడింది. దాన్ని తీసేసి చార్టు ఇవ్వవచ్చా?

తీసేయకూడదు. ముందు ఆ పాయింటు కిట్ ఫైలులోనే అలా ఉందా, దిగుమతిలో మారిందా చూడండి. కిట్ ఫైలును చదవడానికి మాత్రమే వీలయ్యేలా విడి ఫోల్డరులో భద్రపరిచి ఉంటే ఇది రెండు నిమిషాల పని. దిగుమతి తప్పు కాకపోతే, వైరింగు, రేంజి, సెట్టింగు గ్రూపు సరిచూసి అదే ప్రవాహం దగ్గర మళ్లీ పరీక్షించండి. రెండోసారి సరిగ్గా వచ్చినా మొదటి పాయింటును చార్టులో వేరే గుర్తుతో ఉంచి, కారణం తెలిస్తే కారణం, తెలియకపోతే తెలియలేదని పక్కన రాయండి. ఆ షీటును తర్వాత చూసేది కమిషనింగ్ ఇంజనీరు కావచ్చు, ఎప్పుడో ఫీడరు అకారణంగా ట్రిప్ అయినప్పుడు విశ్లేషించేవారు కావచ్చు. అలాంటి విశ్లేషణకు షీటుతో పాటు అసలు సీఎఫ్‌జీ, డాట్ ఫైళ్లను కూడా జతచేసి పంపండి.